సొమ్మొకడిది, సోకొకడిది: కవర్ పాట పాడబోయేవారికి చిట్కాలు

ఇప్పుడు ఏ వీధిలో చూసినా ఓ మైకు, ఓ హెడ్‌ఫోను, వెనక గోడకు మినుకుమినుకుమనే బల్బుల దండ ఉన్న గది ఒకటి ఉండి తీరుతుంది. లోపల ఎవరో కవర్ పాట పాడుతున్నారన్నమాట. తెలివైన పనే. సొంత పాటంటే మాటలు రాయాలి, బాణీ కట్టాలి, ఆపైన వినేవాళ్లను వెతుక్కోవాలి. పక్కవాళ్ల పాటకు ఇవన్నీ ముందే అమరి ఉంటాయి. గొంతు సవరించుకోవడమొక్కటే మన వంతు.

అయినా చాలామంది దీన్నీ చెడగొట్టుకుంటున్నారు. మూలం వినడం, అర్థం తెలుసుకోవడం, రాసినవాళ్లకు డబ్బు కట్టడం లాంటి దురలవాట్లు కొందరిలో ఇంకా పోలేదు. వాళ్ల కోసమే ఈ చిట్కాలు. ఉదాహరణకు ఒకే ఒక్క పాట తీసుకుంటాను: ‘ఐ విల్ ఆల్వేజ్ లవ్ యూ’. అమెరికాలో 1973లో పుట్టింది. దాని కథలో అడుగడుగునా ఎవరో ఒకరు చెయ్యకూడని పని చేశారు. పాట మాత్రం, మన ఖర్మ కొద్దీ, బతికి బట్టకట్టింది. అది చూసి మీరు మోసపోకూడదు.

ముందుగా, పాటలో ఏముందో చదవకండి. పేరు చాలు. పేరులో ప్రేమ ఉంది కనుక ఇది ప్రేమపాట. అక్కడితో ఆగండి.

ఆగకుండా లోపలికి వెళ్తే ఏమవుతుందో చెప్తాను. డాలీ పార్టన్ అనే టెనెసీ కొండల పిల్ల 1967లో పోర్టర్ వాగనర్ టీవీ షోలో చేరింది. ఆయన అప్పటికే పేరుమోసిన కంట్రీ గాయకుడు, అంటే అమెరికా పల్లెపట్టు బాణీలు పాడేవాడు. ఒళ్లంతా రాళ్లు పొదిగిన కోట్లు తొడుక్కుని తళతళలాడుతూ పాడేవాడు. ఇద్దరూ కలిసి పాడినవి బాగా ఆడాయి. కొన్నేళ్లయ్యేసరికి ఆమెకు తన దారి తను చూసుకోవాలనిపించింది. ఆయనకు వదలబుద్ధి కాలేదు. ఎంత వాదించుకున్నా తెగలేదు. చివరికి ఆమె ఇంటికి పోయి పాట రాసుకుని, మర్నాడు ఆయన ఆఫీసులో ఎదురుగా కూర్చుని పాడింది. ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. సరే వెళ్లు, కానీ ఈ రికార్డు నేనే చేయిస్తాను అన్నాడు. ఇదీ డాలీ చెప్పే కథ. అంటే మీరు కళ్లు అరమూసుకుని ప్రియుడి కోసం పాడుతున్న పాట ఒక ఉద్యోగి యజమానికి ఇచ్చిన రాజీనామా. తలుపు ధడాలున వేయకుండా బయటికి నడిచిన మనిషి మాటలు.

ఇది తెలిసిందా, మీ గొంతు దానంతటదే తగ్గిపోతుంది. ఆ నష్టం ఎవరు భరిస్తారు? తెలియనివాళ్ల ధైర్యం చూడండి. అమెరికాలో, ఇంగ్లండులో కొత్త దంపతులు ఈ పాట పెట్టుకుని, ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నాట్యం చేస్తారు. సాగనంపే పాటతో కాపురం మొదలుపెట్టడమంటే మాటలా? మన పెళ్లిళ్లలోనయితే అప్పగింతల వేళకు అతికినట్టు సరిపోతుంది గానీ, అలా సరైన చోట పెడితే ఎవరూ గమనించరు. రిసెప్షన్‌లో కేకు కోసేటప్పుడు పెట్టండి.

అన్నట్టు ఆ రాజీనామా అంత సాఫీగా ఆమోదం పొందలేదు. 1979లో వాగనర్ మూడు మిలియన్ డాలర్లకు ఆమె మీద దావా వేశాడు; చివరికి కోర్టు బయట సర్దుబాటు చేసుకున్నారు. ఎంత మంచి పాటతో ఏడిపించినా లాయరు నోటీసు ఆగదు. ఈ ఒక్క మాట మాత్రం నిజంగా గుర్తుపెట్టుకోండి.

ఇక డబ్బు సంగతి. ఎవరి పాటయినా నచ్చితే, మేం పాడి పెడతాం, అందుకు నీ హక్కుల్లో సగం రాసివ్వు అనండి. ఇది నా సొంత సలహా కాదు, కర్నల్ టామ్ పార్కర్‌ది. ఎల్విస్ ప్రెస్లీ వ్యాపారమంతా చూసినాయన. 1974లో డాలీ రికార్డు కంట్రీ జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది. ఎల్విస్‌కు నచ్చింది, పాడతానన్నాడు. ఆమె పొంగిపోయింది, ఎల్విస్ పాడతానంటే ఎవరు పొంగరు? అప్పుడు పార్కర్ ఫోన్ చేసి, పాట ప్రచురణ హక్కుల్లో సగం మాకు ఇస్తేనే అన్నాడు. ఆమె కుదరదంది. రాత్రంతా ఏడ్చానని తర్వాత చాలాసార్లు చెప్పుకుంది. ఎల్విస్ ఆ పాటను రికార్డు చేయలేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని మీరు ఎవరికీ చెప్పకండి. 1909 నుంచీ అమెరికా చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. ఒక పాట ఒకసారి రికార్డయి బయటికి వచ్చాక ఇంకెవరైనా తమ గొంతుతో దాన్ని మళ్లీ రికార్డు చేసుకోవచ్చు. రాసినవాళ్ల కాళ్లావేళ్లా పడనక్కర్లేదు, చట్టం చెప్పిన రుసుము కడితే చాలు. ఆ రోజుల్లో అది కాపీకి రెండు సెంట్లు. అంటే పార్కర్ అడిగింది అనుమతి కాదు, వాటా. ఎల్విస్ పాడితే కోట్లమంది వింటారు, ఆ వినడానికి రాసినవాళ్లే కప్పం కట్టాలన్నది ఆయన లెక్క. చాలామంది కట్టారు కూడా.

డాలీ కట్టలేదు. ఆ మొండితనం ఫలితం చూడండి. 1992లో విట్నీ హ్యూస్టన్ ‘ది బాడీగార్డ్’ సినిమా కోసం అదే పాట పాడింది. అమెరికా పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో వరసగా 14 వారాలు మొదటి స్థానం. అమ్ముడైన ప్రతి కాపీకీ రాసినవారి వాటా నేరుగా డాలీకి. అంతేనా, అమెరికాలో మామూలు రేడియోలో పాట మోగితే రాసినవాళ్లకూ ప్రచురణ హక్కులున్నవాళ్లకూ డబ్బు వస్తుంది. పాడినవాళ్లకు పైసా రాదు. ఆ శీతాకాలమంతా ఏ కారులో రేడియో తిప్పినా విట్నీ గొంతే. ఒక్కో మోతకూ కంట్రీ సంగీతపు రాజధాని నాష్‌విల్‌లో డాలీ ఖాతాలో చిల్లర రాలుతూనే ఉంది. ఆ డబ్బుతో గ్రేస్‌లాండ్ కొనేయొచ్చని ఆమె వేళాకోళమాడింది కూడా. గ్రేస్‌లాండ్ అంటే మెంఫిస్‌లో ఎల్విస్ ఉన్న భవంతి. పాపం పార్కర్ మాట విని ఉంటే ఆమెకు ఈ లెక్కలు చూసుకునే శ్రమలో సగం తప్పేది.

ఇంకో సంగతి. విట్నీ తల్లి సిసీ హ్యూస్టన్ 1969లో లాస్ వేగస్‌లో ఎల్విస్ వెనక కోరస్ పాడిన బృందంలో ఉంది. సగం హక్కులు దొరకలేదని ఆయన మనుషులు వదిలేసిన పాట, ఆయన వెనక నిలబడి పాడినామె కూతురికి దక్కింది. ఇలాంటివి సినిమాలో పెడితే మరీ కట్టుకథలా ఉందంటారు.

మన దేశంలో ఈ బెడద లేదనుకోకండి. కాపీరైట్ చట్టానికి 2012లో జరిగిన సవరణతో 31సి అనే సెక్షను వచ్చింది. మొదటి రికార్డింగు వచ్చిన ఏడాది ముగిశాక ఐదేళ్లు ఆగాలట. ముందే నోటీసు ఇవ్వాలట. ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ కట్టాలట. హక్కుదారుల సమ్మతి లేకుండా, సాంకేతికంగా తప్పనిసరి అయితే తప్ప, మాటల్లోనూ బాణీలోనూ మార్పులు చేయకూడదట. ఇవన్నీ చదివితే పాడబుద్ధి కాదు. అందుకే చదవకండి. పాట విడుదలైన మూడో రోజుకే, చరణం ఎగరగొట్టి, మధ్యలో ర్యాప్ దూర్చి పెట్టేయండి. మీ వీడియో మాయమైతే అసూయపరుల పని అనుకుంటే సరిపోతుంది.

మూలం వినకండి. నకలు వినండి. వీలైతే నకలుకు నకలు వినండి. విట్నీ రికార్డు చేయించిన డేవిడ్ ఫాస్టర్ అంతటి సంగీత నిర్మాతే ఈ పద్ధతి పాటించబోయాడు. అసలు విట్నీ సినిమాలో పాడాల్సింది ఈ పాట కాదు, జిమ్మీ రఫిన్ పాడిన 1966 నాటి పాట ఒకటి. అది అప్పుడే వేరే సినిమాలో పడిపోయిందని తెలిశాక హీరో, నిర్మాతల్లో ఒకడూ అయిన కెవిన్ కాస్ట్‌నర్ ఈ పాట తెచ్చి చేతిలో పెట్టాడు. ఫాస్టర్ విన్నది 1975లో లిండా రాన్‌స్టాట్ పాడిన రికార్డు. అందులో చివరి చరణం లేదు. వెళ్లిపోయే మనిషి, ఉండిపోయే మనిషి మేలు కోరే చరణం అది. డాలీ తన మొదటి రికార్డులో దాన్ని పాడను కూడా పాడలేదు, మామూలుగా మాట్లాడినట్టు చెప్పింది. లిండా రికార్డు మాత్రమే విన్నవాళ్లకు ఆ చరణం ఉందనే తెలియదు.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఫాస్టర్ ఒక పొరపాటు చేశాడు, రాసినామెతో ఫోన్‌లో మాట్లాడాడు. ఆమె, నా పాటకు ఇంకో చరణం ఉంది సుమా అని చెప్పేసింది. ఇక తప్పుతుందా, అదీ చేర్చాల్సి వచ్చింది. ఇప్పుడు విట్నీ పాటలో జనం ఒళ్లు గగుర్పొడిచిందని చెప్పుకునేది సరిగ్గా అది దాటాక వచ్చే మలుపు దగ్గరే. పాట కట్టినవాళ్లతో మాట్లాడితే ఇలాంటి అదనపు పని మీద పడుతుంది. మీరు మాత్రం కరోకే ట్రాకు దింపుకుని, తెరమీద అక్షరాలు ఎలా వస్తే అలా పాడండి. అక్షరాల్లో తప్పుంటే తప్పే పాడండి. మీ తర్వాత పాడబోయేవాళ్లు మిమ్మల్ని విని నేర్చుకుంటారు.

నిశ్శబ్దానికి చోటివ్వకండి. ఈ పాటలో అందరికన్నా పెద్ద నేరం కాస్ట్‌నర్‌ది. మొదట వాద్యమేదీ ఉండకూడదు, వట్టి గొంతుతోనే మొదలవ్వాలని పట్టుబట్టాడు. రికార్డు కంపెనీ వాళ్లకు గుండె జారింది, రేడియోవాళ్లు దీన్ని ముట్టుకుంటారా అని. అయినా అలాగే ఉంచారు. దాదాపు ముప్పావు నిమిషం పాటు ఆ రికార్డులో పియానో లేదు, గిటారు లేదు, తాళం లేదు. ఊపిరి తీసుకునే చప్పుడు కూడా వినిపిస్తుంది. చెవి దగ్గరకొచ్చి ఎవరో మనసులో మాట చెప్తున్నట్టుంటుంది. ఏమిటా దగ్గరితనం? పరాయివాళ్లతో అంత చనువు పనికిరాదు. మీరు మొదటి సెకనులోనే నాలుగు డ్రమ్ములు, రెండు వయొలిన్లు, సముద్రపు హోరు, మీ ఛానల్ పేరు చెప్పే ఆడగొంతు అన్నీ ఒకేసారి దించండి. వినేవాడికి మీ గొంతు గురించి ఆలోచించే తీరిక ఉండకూడదు.

ఇప్పుడు శ్రుతి పెంచడం. దీని గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే టీవీ పాటల పోటీల్లో పిల్లల తల్లిదండ్రులందరూ దీన్నే నమ్ముకుని ఉన్నారు.

విట్నీ పాట నాలుగున్నర నిమిషాలు. అందులో మూడు నిమిషాలు ఆమె తన బలాన్ని దాచుకుంటుంది. పల్లవి రెండుసార్లు వస్తుంది, పెద్దగా అరవదు. మధ్యలో కర్క్ వేలమ్ సాక్సఫోను కాసేపు పలుకుతుంది. చివరి చరణం అవుతుంది. అప్పుడు అంతా ఒక్కసారి ఆగిపోతుంది. ఏమీ వినపడదు. ఏదైనా ఆగిపోయిందేమో అని రేడియో వంక చూసేంత సేపు కాదు గానీ, చూడాలనిపించేంత సేపు. రికీ లాసన్ డ్రమ్ము మీద ఒక్క దెబ్బ. మరుక్షణం పాట మొత్తం ఒక మెట్టు పైశ్రుతిలో, ఆమె నిండు గొంతుతో. అంతే. ఒక్కసారి. మళ్లీ పెంచలేదు.

దీనివల్ల మనం నేర్చుకోవాల్సింది ఏమిటి? ఒక్కసారి పెంచితేనే ఇంత పేరొస్తే, ఐదుసార్లు పెంచితే ఎంత రావాలి! లెక్క తెలిసినవాళ్లెవరైనా ఒప్పుకుంటారు. తాలింపు ఆఖర్న పడుతుందని వంటవాళ్లు చెప్తారు గానీ, మీరు ముందు వేయండి, మధ్యలో వేయండి, వడ్డించాక కూడా వేయండి. ఒక్క అక్షరాన్నీ ఊరికే వదలకండి; ప్రతిదానికీ పద్నాలుగు సంగతులు వేసి, చివర చెయ్యి గాల్లో పైకీ కిందికీ ఆడించండి. ఇంతకీ డాలీ రికార్డులో శ్రుతి మారదు. మూడు నిమిషాల్లోపే అయిపోతుంది. గొంతు వణుకుతూ, ఒదిగి ఒదిగి పాడుతుంది. అదీ మొదటి స్థానానికే వెళ్లింది. 1982లో ఓ సినిమా కోసం మళ్లీ పాడితే అదే పాట అదే గొంతుతో రెండోసారి కంట్రీ జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది. 1995లో విన్స్ గిల్‌తో కలిసి మూడోసారి పాడితే 15వ స్థానం దాకా వెళ్లింది. ఆవిడ ఎప్పుడూ విట్నీలా పాడాలని ప్రయత్నించలేదు, విట్నీ ఆవిడలా పాడాలని ప్రయత్నించలేదు. ఇద్దరికీ మంచి చెడు చెప్పేవాళ్లు లేకపోయారు.

హెడ్‌ఫోను ఒక చెవికే పెట్టుకోండి. కళ్లు మూసుకోండి.

మీ వాడ పాటలు మీరు పాడుకోండి, పక్కవాడ జోలికి పోకండి. కంట్రీ సంగీతం తెల్లవాళ్లదని అమెరికాలో అప్పట్లో గట్టి నమ్మకం. విట్నీ పుట్టింది న్యూజెర్సీలోని న్యూఅర్క్‌లో, పాడడం నేర్చింది అక్కడి న్యూ హోప్ బాప్టిస్ట్ చర్చి కోరస్‌లో. నల్లవాళ్ల చర్చిలో దేవుణ్ణి పిలిచే గొంతును తీసుకొచ్చి నాష్‌విల్ పాటలో పెట్టడమేమిటి? విన్నవాళ్లు ఇది ఎక్కడి పాట అని అడగడమే మానేశారు. ఆ సినిమాలోనే హీరో హీరోయిన్లు నాట్యం చేసేటప్పుడు వెనక ఇదే పాట కంట్రీ పద్ధతిలో, జాన్ డో అనే పంక్ గాయకుడి గొంతులో మోగుతుంది. అంటే ఒకే సినిమాలో ఒకే పాటకు రెండు ముఖాలు చూపించారు. ప్రేక్షకులకు పోలిక తెలిసిపోతుందన్న భయం కూడా లేదు. మీరైతే మూలం వినపడే దరిదాపుల్లో పాడకండి.

మన సినిమావాళ్లు ఈ విషయంలో జాగ్రత్తపరులు. ‘గ్యాంగ్ లీడర్’లో చిరంజీవి తడిసిన వాన పాటనే 2012లో ‘రచ్చ’లో కొడుకు రామ్ చరణ్‌కు ఇచ్చారు. పొలిమేర దాటలేదు. ఇంటి పాట ఇంట్లోనే ఉండిపోయింది.

సందర్భం చూసుకోకండి. 2012 ఫిబ్రవరి 11న విట్నీ చనిపోయింది. మర్నాడే గ్రామీ వేడుక. జెనిఫర్ హడ్సన్ వేదికెక్కి ఈ పాట పాడింది. ఎంత గొంతున్న మనిషి! ఆ రోజు ఆ గొంతంతా చూపించి ఉంటే పత్రికలన్నీ ఆమె గురించే రాసేవి. ఆమె మాత్రం నల్లబట్టల్లో నిలబడి తగ్గించి పాడి దిగిపోయింది, తన సొంత గొప్ప కోసం ఒక్క మాట కూడా వాడుకోకుండా. వారం తర్వాత న్యూఅర్క్ చర్చిలో శవపేటికను మోసుకెళ్తుంటే విట్నీ సొంత రికార్డే వేశారు. ఒక మనిషి ఉద్యోగం మానుకోవడానికి రాసిన పాట, పెళ్లిళ్లూ పోటీలూ అన్నీ తిరిగి అక్కడికి చేరింది. ఆ నెలలోనే అది మళ్లీ హాట్ 100లో మూడో స్థానం దాకా వచ్చింది. ఇలాంటి వేళల్లో కొందరు కవర్ పాటవాళ్లు వెంటనే నివాళి అని పేరు పెట్టి, తమ ఫొటో పెద్దదిగా, పోయినవాళ్ల ఫొటో చిన్నదిగా వేసి వీడియో పెడతారు. వాళ్లకు నేను నేర్పాల్సిందేమీ లేదు.

ఆఖరుది, అన్నిటికన్నా ముఖ్యమైనది. రాసినవాళ్ల పేరు ఎక్కడా పెట్టకండి. డాలీ కారు నడుపుతుంటే రేడియోలో మొదటిసారి విట్నీ గొంతు వినపడిందట. ఇది తన పాటేనని తెలుసుకున్నాక గుండె ఆగినంత పనై బండి పక్కకు తీయాల్సి వచ్చిందట. చూశారా, పేరు బయటపడితే రోడ్డు ప్రమాదాలు కూడా జరగొచ్చు. ఆవిడకు దాని మీద ఏ ఫిర్యాదూ లేదు. నా పాటను విట్నీ తన పాట చేసుకుంది, డబ్బు మాత్రం నాకే వచ్చింది అన్న ధోరణిలోనే ఎప్పుడూ నవ్వుతూ చెప్పింది. 2021లో ఒక టీవీ కార్యక్రమంలో ఆ రాయల్టీతో ఏం చేశావని అడిగితే, నాష్‌విల్‌లో నల్లవాళ్లు ఉండే పేటలో ఒక ఆఫీసు సముదాయం కొన్నానని, అది విట్నీ కట్టిన ఇల్లని తన లెక్క అని చెప్పింది. నగలు కొనుక్కోవాల్సిన డబ్బు.

కనుక వీడియో కింద ఏం రాయాలో ఇప్పుడే రాసిపెట్టుకోండి. పైన మీ పేరు. దాని కింద మైకు కంపెనీ పేరు. కెమెరా పట్టినవాడి పేరు, బల్బుల దండ అద్దెకిచ్చినవాడి పేరు. అన్నిటికన్నా కింద, కనపడీ కనపడని అక్షరాల్లో, హక్కులన్నీ సంబంధిత యజమానులవే అని ఒక్క ముక్క. ఆ యజమాని ఎవరండీ అని ఎవరైనా మరీ పట్టుబట్టి అడిగితే, ఇంకెవరు, విట్నీ హ్యూస్టన్ అని చెప్పండి.